చీటీ రాసిచ్చి చేతులు దులుపుకుంటే సరిపోతుందా?

మా ఇళ్లల్లో మేకుకి వేలాడే గుడ్డసంచి ఒకటి ఉంటుంది. అందులో రేషన్ కార్డు, ఆధార్ కార్డు, కరెంటు బిల్లు, నికానామా, వాటన్నిటి కింద దవాఖాన చీటీలు. నలిగిపోయినవి, చెమటకు తడిసి ఆరినవి, అక్షరాలు అలుక్కుపోయినవి. మా అమ్మీలు వాటిని పారెయ్యరు. పాతచీటీ లేదంటే మళ్లీ మొదట్నించీ రమ్మంటారని భయం. ఆ చీటీల్లో మందుల పేర్లున్నవి తక్కువ. పై ఆస్పత్రికి పొమ్మని రాసినవే ఎక్కువ. మా ఆడవాళ్ల జబ్బుల చరిత్ర ఎవరైనా రాయదలిస్తే ఆ ఒక్క సంచి చాలు.

మేం ఇప్పుడు మాట్లాడేది ఆ చీటీ గురించే. మమ్మల్ని ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి పంపే చీటీ గురించి. దాన్ని రాసేవాళ్ల దృష్టిలో అది సాయం. అందుకునే మాకు మాత్రం అది చాలాసార్లు 'ఇక్కణ్ణించి వెళ్లిపోండి' అనే మాటే. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో చెప్పకుండా ముస్లిం స్త్రీ ఆరోగ్యం గురించి ఎన్ని సదస్సులు పెట్టినా ప్రయోజనం లేదు.

2013లో మా భాభీకి రెండో కాన్పు. ఎనిమిదో నెలలో కాళ్లు వాచాయి. తలనొప్పి. కళ్లు మసకలు కమ్ముతున్నాయంది. మండలం దవాఖానకు తీసుకుపోయాం. బీపీ చూశారు, ఎక్కువుందన్నారు, చీటీ రాసిచ్చారు. ఏం జబ్బో, ఎంత ప్రమాదమో చెప్పలేదు. చీటీ ఇంగ్లీషులో ఉంది. ఆటో మాట్లాడుకుని పట్నం ఆస్పత్రికి పోయాం. అక్కడ నర్సమ్మ మా భాభీ బురఖా వంక చూసి అడిగింది: "ఏం బూబమ్మా, ఇది ఎన్నోది? మీకు ఆపరేషన్లు పనికిరావు గదా!" రెండోదే అంటే నమ్మలేదు. డాక్టరమ్మ సెలవులో ఉందన్నారు. ఇంకో చీటీ. జిల్లా ఆస్పత్రికి చేరేసరికి రాత్రయింది. అక్కడా మూడో చీటీ, హైదరాబాదుకి. ఆ దారిలోనే భాభీకి ఫిట్స్ వచ్చాయి. రోడ్డు పక్కన కనిపించిన ప్రైవేటు నర్సింగ్ హోంలోకి మోసుకుపోయాం. పెద్ద ఆపరేషన్ చేశారు. భాభీ బతికింది. బిడ్డ దక్కలేదు. భాయీ కుట్టుమిషను, భాభీ కమ్మలు పోయాయి. అప్పు మాత్రం నాలుగేళ్లు ఉంది.

తర్వాత ఏదో కాగితం కోసం మండలం దవాఖానకు వెళితే రిజిస్టరు తీసి చూపించారు. భాభీ పేరు పక్కన ఎర్రసిరాతో 'రిఫర్డ్' అని ఉంది. వాళ్ల లెక్కలో ఆ పని అక్కడితో పూర్తయింది. మిగిలిన రెండు ఆస్పత్రుల రిజిస్టర్లలో కూడా అదే మాట ఉండి ఉంటుంది. మూడుచోట్లా ఎవరి పని వాళ్లు చేశారు. బిడ్డ చనిపోయింది. దీనికి బాధ్యులెవరంటే ఎవరూ లేరు.

ఇక్కడే మాకొక మాట చెప్పడానికి చాలామంది సిద్ధంగా ఉంటారు. 'మీ వాళ్లు ఆస్పత్రికి రారు. వచ్చినా చెప్పింది వినరు. పరదా అంటారు, మతం అంటారు, మౌల్వీని అడగాలంటారు.' ఈ మాట మతోన్మాదులే కాదు, మా పక్కన నిలబడి ఉపన్యాసాలిచ్చే లౌకికవాద మిత్రులు కూడా అంటారు. కాస్త జాలి కలిపి అంటారు, అంతే తేడా.

మేం వాళ్లని ఒకటే అడుగుతున్నాం. ఒక్కసారి పొద్దున్నే పేట్లబురుజు ప్రసూతి ఆస్పత్రికి రండి. నీలోఫర్ దవాఖాన ఓపీ చీటీల కిటికీ దగ్గర నిలబడండి. ఒళ్లో బిడ్డ, చంకలో సంచి, చేతిలో పాత చీటీల కట్టతో నిలబడ్డ బురఖాలు ఎన్నో లెక్కపెట్టండి. నమ్మకం లేనివాళ్లు, మతం అడ్డమొచ్చినవాళ్లు అంత పొద్దున్నే వరసలో ఎందుకు నిలబడతారు? మేం రావడం లేదన్నది అబద్ధం. వచ్చిన మమ్మల్ని ఎలా చూస్తున్నారన్నదే ప్రశ్న.

నీలోఫర్ అన్నది ఏడో నిజాం కోడలి పేరు. 1925 నాటి ఉస్మానియా ఆస్పత్రి భవనానికి ఉన్నది ఆ నిజాం పేరే. హైదరాబాదులో పేదల ఆస్పత్రుల పేర్లు మావి. వాటిలోపల మమ్మల్ని పిలిచే పేర్లు మాత్రం మావి కావు. మా నానీ వయసున్న మనిషిని 'ఏయ్ తురకమ్మా' అని పిలుస్తారు. పేరు రాయించుకునేటప్పుడు 'ఈ పేర్లు నోరు తిరగవమ్మా' అంటారు. నోరు తిరగని ఆ పేరే చీటీ మీద ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బ్యాంకు పుస్తకంలో మరోలా పడుతుంది. షేక్ ముందుంటుందో వెనకుంటుందో ఎవరికీ పట్టదు. ఖాసింబీ కాశింబి అవుతుంది. బేగం ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఊడిపోతుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం సర్కారు దవాఖానలో కాన్పయితే కిట్టుతోపాటు మగపిల్లాడికి 12 వేలు, ఆడపిల్లకి 13 వేలు విడతలుగా ఇస్తామంది. మంచి పనే. కానీ కాగితాల్లో పేరు కలవలేదని తిరిగి తిరిగి వదులుకున్న ఆడవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. పేరు తప్పు రాసింది ఎవరు? నష్టపోయింది ఎవరు?

దూదేకుల ఆడవాళ్లది ఇంకో తిప్పలు. ఇంట్లో తెలుగు, పేరు సగం తెలుగు సగం ఉర్దూ, బొట్టూ నల్లపూసలూ పెట్టుకుంటారు. మీరసలు తురకలేనా అని ఇవతలివాళ్లూ అడుగుతారు, అవతలివాళ్లూ అడుగుతారు. కాన్పు నొప్పులు పడుతున్న మనిషి తన కులమూ మతమూ నిరూపించుకోవాలా?

ఇక 'ఇది ఎన్నోది?' అన్న ప్రశ్న దగ్గరికి వద్దాం. అది డాక్టరు అడగాల్సిన ప్రశ్నే. మమ్మల్ని అడిగేటప్పుడు మాత్రం దాని వెనక వేరే లెక్క ఉంటుంది. మా సంఖ్య పెరిగిపోతోందనీ, దేశాన్ని మింగేస్తామనీ వేదికల మీద చెప్పే లెక్క. సర్కారు వారి లెక్కేమంటోంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ఒక ముస్లిం స్త్రీకి పుట్టే పిల్లల సగటు 4.4. 2019-21 నాటికి అది 2.4కి దిగింది. ఇదే కాలంలో హిందూ స్త్రీ సగటు 3.3 నుంచి 1.9కి వచ్చింది. ఎక్కువగా తగ్గింది మాలోనే. తమిళనాడు ముస్లిం స్త్రీ సగటు, బీహారు హిందూ స్త్రీ సగటు కన్నా తక్కువ. కాబట్టి పిల్లల సంఖ్యను తేల్చేది మతం కాదు, బడి, కూలి, దవాఖాన. ఈ మూడూ దక్కినచోట మేమూ అందరిలాగే ఉన్నాం. దక్కనిచోట అందరిలాగే ఉన్నాం. ఈ చిన్న నిజం నర్సు బల్ల దాకా ఎందుకు చేరదు?

ఆపరేషన్ అంటే మేం భయపడతామన్న మాటలో కొంత నిజముంది. ఆ భయానికి ఒక చరిత్ర ఉంది. 1976లో ఎమర్జెన్సీ రోజుల్లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు దగ్గర ఇళ్లు కూల్చారు. ముజఫర్‌నగర్‌లో బలవంతపు ఆపరేషన్లకు ఎదురు తిరిగినవాళ్ల మీద కాల్పులు జరిపారు. హర్యానాలో ఉటావర్ అనే ముస్లింల ఊరిని పోలీసులు చుట్టుముట్టి మగవాళ్లని ఆపరేషన్లకు పట్టుకుపోయారు. కుటుంబ నియంత్రణ పేరుతో పోలీసు జీపు ఎక్కించిన జ్ఞాపకం తరాల పాటు ఉంటుంది. ఆ జ్ఞాపకాన్ని మూఢనమ్మకం అనడం సులువు. దాన్ని పోగొట్టే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోలేదు.

అయినా ఇవాళ మా ఆడవాళ్లు ఆపరేషన్ చేయించుకోవడం లేదా? చేయించుకుంటున్నారు. ఇంట్లో చెప్పి కొందరు, చెప్పకుండా కొందరు. 2019-21 సర్వే నాటికి తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 60 మందికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్ల ఆపరేషన్లు నామమాత్రం. అన్ని మతాల మగవాళ్లూ ఈ ఒక్క విషయంలో గొప్ప ఐకమత్యంతో ఉన్నారు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజు శిబిరంలో 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వాళ్లలో నలుగురు చనిపోయారు. వాళ్లది ఏ మతమని మేం అడగడం లేదు. పేద ఆడదాని ఒంటిని లెక్క పూర్తి చేసే వస్తువుగా చూసే చూపు గురించి చెబుతున్నాం. ఆ చూపు ముందు బురఖా, చీర రెండూ ఒకటే. మాకు అదనంగా ఒక తిట్టు ఉంటుంది, అంతే.

చీటీ ఎవరి జేబు నింపుతుందో కూడా చూడాలి. సర్కారు దవాఖానలో రాసిన చీటీ చాలాసార్లు ఇంకో సర్కారు దవాఖాన దాకా చేరదు. నడుమ ఆర్‌ఎంపీ ఉంటాడు, ఆటో అతనుంటాడు. 'అక్కడ పట్టించుకోరమ్మా, నాకు తెలిసిన ఆస్పత్రి ఉంది' అంటాడు. మా భాభీని చేర్చిన నర్సింగ్ హోం లాంటివి రోడ్డు పొడుగునా ఉన్నాయి. తెలంగాణలో జరిగే కాన్పుల్లో నూటికి 60కి పైగా కోతలే అని 2019-21 సర్వే చెప్పింది. ప్రైవేటులో అయితే నూటికి 81. సర్కారులో 44. కడుపు కోసినందుకు తీసుకునే డబ్బు బీడీలు చుట్టి, గాజులకు రాళ్లంటించి, మగ్గం వర్కు చేసి కూడబెట్టింది. సర్కారు చేతులెత్తేసిన ప్రతి చీటీ ప్రైవేటు ఆస్పత్రికి హుండీ లాంటిదే.

ఇంతకీ సర్కారుకి చట్టాలూ పథకాలూ లేవా అంటే, ఉన్నాయి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. వెయ్యిమందికి ఒక ఆశా వర్కరు వచ్చింది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం సర్కారు దవాఖానలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, పరీక్షలు, తిండి అన్నీ ఉచితం. ఇంటి నుంచి దవాఖానకు, ఒక దవాఖాన నుంచి ఇంకో దవాఖానకు, తిరిగి ఇంటికి బండి కూడా ఉచితం. అంటే మా భాభీకి 2013లోనే ఆ హక్కు ఉంది. ఆ రాత్రి మూడు దవాఖానల్లో ఒక్కరూ ఆ మాట చెప్పలేదు. మేం ఆటోలకు డబ్బు వెతుక్కుంటూ తిరిగాం. చెప్పని హక్కు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

న్యాయస్థానాలు కూడా చెప్పాయి. 1992లో పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి జారిపడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని సర్కారు ఆస్పత్రులు ఒకదాని తర్వాత ఒకటి మంచాలు లేవని, సౌకర్యం లేదని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటు ఆస్పత్రిలో అప్పు చేసి బతికాడు. అతనూ ముస్లిమే. అతని తరఫున పశ్చిమ బంగా ఖేత్ మజ్దూర్ సమితి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996లో కోర్టు తీర్పు ఇచ్చింది. అత్యవసరంలో వైద్యం అందించకపోవడమంటే రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన బతికే హక్కును కాలరాయడమేననీ, డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోలేదనీ చెప్పింది. పరిహారం ఇప్పించింది. ఆ తీర్పు ముస్లింల కోసం ఇచ్చింది కాదు. ఈ దేశంలో దవాఖాన గుమ్మం ముందు నిలబడ్డ ప్రతి పేదవాడి కోసం ఇచ్చింది. మా పోరాటం కూడా అలాంటిదే. మేం మా కోసం అడిగేది అందరికీ పనికొస్తుంది.

కానీ అందరి కష్టమూ ఒకటేనని చెప్పి మా కష్టాన్ని అందులో కలిపేసుకోకండి. 2020 ఏప్రిల్ గుర్తు చేసుకోండి. కరోనాకు మా టోపీ తొడిగారు. తబ్లీగీ జమాత్ పేరుతో కూరగాయల బండివాణ్ణి కూడా పేరు అడిగి తరిమారు. ఆ నెలలోనే రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో నిండు గర్భిణిని జైపూర్‌కు పొమ్మని పంపారు. అంబులెన్సులో కాన్పయింది. బిడ్డ చనిపోయింది. మా మతం తెలిసి పంపేశారని భర్త అన్నాడు. అదేం లేదు, కేసు ప్రమాదకరంగా ఉందని పంపామని ఆస్పత్రి వాళ్లన్నారు. అసలేం జరిగిందో తేల్చడం ఇక్కడ మా పని కాదు. ఒక్క విషయం చెబుతాం. చీటీ ఎందుకు రాశారో చెప్పకపోతే, వెంట ఎవరూ రాకపోతే, అవతల ఎవరూ ఎదురు చూడకపోతే, అది వైద్యమో వెలివేతో ఆ క్షణాన ఆ మనిషికి ఎలా తెలుస్తుంది? అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, తబ్లీగీ కేసుల్లో విదేశీయుల్ని బలిపశువుల్ని చేశారని చెప్పింది. మాకు పడ్డ ముద్ర మాత్రం ఆ తీర్పుతో చెరిగిపోలేదు.

అక్షరం దగ్గరా అంతే. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాషగా చేశారు. 2022లో ఆంధ్రప్రదేశ్ కూడా చేసింది. ఆఫీసుల బోర్డుల మీద ఉర్దూ కనిపిస్తుంది. ఆడమనిషి చేతికిచ్చే చీటీలో మాత్రం ఉర్దూ లేదు, తెలుగూ లేదు. డాక్టరు నుంచి డాక్టరుకు ఇంగ్లీషులో పోవచ్చు. మధ్యలో మోసుకుపోయే మనిషికి కూడా నాలుగు ముక్కలు అర్థం కావాలి గదా! 'బీపీ ఎక్కువుంది. ఇవాళే పోవాలి. ఆలస్యం చేస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం.' ఈ మూడు మాటలు ఆ రోజు తెలిసి ఉంటే మేం ఆటో బేరం చేస్తూ అరగంట పోగొట్టుకునేవాళ్లం కాదు.

దూరం మాటా చెప్పాలి. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, ముస్లింలు ఎక్కువగా ఉండే పెద్ద గ్రామాల్లో దాదాపు నూటికి 40 చోట్ల ఎలాంటి వైద్య సదుపాయమూ లేదని చెప్పింది. హైదరాబాదులో 2018లో బస్తీ దవాఖానలు మొదలుపెట్టారు. మేం సంతోషించాం. జ్వరానికి, షుగరుకి, బీపీకి ఇంటి దగ్గరే మందు దొరకడం చిన్న విషయం కాదు. అయితే అక్కడ ఆడవాళ్ల అసలు బాధలు మొదలయ్యేసరికి మళ్లీ చీటీయే. తెల్లబట్ట, గర్భసంచి, రొమ్ములో గడ్డ, భర్త కొట్టిన దెబ్బ. ఇవన్నీ పై దవాఖానకే. 2005 గృహహింస చట్టం ప్రకారం దెబ్బతిన్న స్త్రీ కోరితే దవాఖాన వైద్యం చెయ్యాలి. 181కి ఫోన్ చేస్తే, సఖి కేంద్రానికి వెళితే అండ దొరకాలి. ఈ సంగతి బస్తీ దవాఖాన గోడ మీద ఉర్దూలో రాసిపెట్టడానికి ఎంత సున్నం కావాలి?

ఇక్కడ ఆశక్క గురించి ఒక మాట. మా కోపం ఆమె మీద కాదు. ఆమె కూడా మాలాంటి పేద ఆడదే, ఎక్కువ చోట్ల దళిత, బీసీ ఆడబిడ్డే. ఆమెను ఉద్యోగి అనరు, కార్యకర్త అంటారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలను సత్కరించింది. ఇంటి దగ్గర సర్కారు వారికి జీతం అడిగితే మాత్రం రోడ్డు మీద ధర్నాయే దిక్కు. మా గల్లీకి వచ్చే ఆశక్కకు ఉర్దూ రాదు. మా ఖాలాకు తెలుగు అంతంత మాత్రం. ఇద్దరూ చేతులతో మాట్లాడుకుని, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని దవాఖానకు పోయిన రోజున పని జరిగింది. ఆశక్క రాని రోజున చీటీ సంచిలోకి పోయింది. వెంట మనిషి ఉంటే అదే చీటీ వైద్యమవుతుంది. మా బస్తీల్లో మా ఆడపిల్లల్ని ఆశాలుగా, ఏఎన్ఎంలుగా ఎందుకు తీసుకోరు? పది చదివి ఇంట్లో కూర్చున్న పిల్లలు ప్రతి గల్లీలో ఉన్నారు.

ఇప్పుడు మా వైపు. మా సంగతి మేం మాట్లాడకపోతే పైన రాసిందంతా సగం నిజమే అవుతుంది.

ఆ రోజు మా భాభీ తలనొప్పి అన్నది పొద్దున. మేం బయల్దేరింది మధ్యాహ్నం. భాయీ పని నుంచి రావాలి, ఆయన 'సరే' అనాలి. మగమనిషి మాట లేకుండా ఆడమనిషి గడప దాటకూడదన్నది ఎవరు పెట్టారు? దుబాయిలో ఉన్న భర్త ఫోన్ ఎత్తేదాకా నొప్పులు ఆగుతాయా? గర్భిణికి ఫిట్స్ వస్తే 'సాయా పడింది' అని దర్గాకు, తావీజు కట్టే సాయిబు దగ్గరికి తీసుకుపోయిన ఇళ్లు మాలో లేవా? తావీజు కట్టుకోండి, దువా చేయించుకోండి, మేం కాదనం. అది దవాఖాన దారిలో కట్టుకోండి. దవాఖానకు బదులు కాదు. పదిహేడేళ్లకే నికా చేసి, పద్దెనిమిదికే కాన్పుకు పంపి, రక్తం లేదని డాక్టరు అంటే తిట్టింది అనుకుంటాం. దేశంలో ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని సర్వే చెబుతోంది. మా ఇళ్లల్లో మగవాళ్లు తిన్నాక మిగిలిన షేర్వా గిన్నె గోకి తినే ఆడవాళ్లకు రక్తం ఎక్కణ్ణించి వస్తుంది? బిర్యానీ గురించి కవిత్వం చెప్పుకునే మేం ఈ గిన్నె గురించి ఎప్పుడు మాట్లాడతాం?

మా పెద్దలు తలచుకుంటే పని జరుగుతుందనడానికి రుజువు ఉంది. పోలియో చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరని ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాల్లో పుకారు పుట్టింది. తలుపులు మూసుకున్నారు. తర్వాత ఏమైంది? ఇమాములు మసీదు మైకుల్లో చెప్పారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిలియా వాళ్లు కలిసొచ్చారు. బస్తీ ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ కేసు లేదు. 2014 మార్చిలో పోలియో పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మా మీద వేసిన నిందను మా వాళ్లే అబద్ధం చేశారు. ఆ మైకులు కాన్పుల గురించి, రక్తం గురించి ఎందుకు మాట్లాడవు? ప్రతి మసీదు కమిటీ దగ్గర జనాజా డోలా ఉంటుంది. చచ్చినవాణ్ణి మోయడానికి పదిమంది పరుగెత్తుకొస్తారు, సవాబు అంటారు. నొప్పులు పడుతున్న ఆడమనిషిని అర్ధరాత్రి దవాఖానకు చేర్చడం సవాబు కాదా? వక్ఫు భూముల మీద షాపులు కట్టి కిరాయిలు తిన్న ముతవల్లీలు గర్భిణులకు ఒక గది ఎందుకు కట్టలేదు? ఇది సర్కారును అడిగే ప్రశ్న కాదు. మమ్మల్ని మేం అడుక్కోవాల్సిన ప్రశ్న.

అయితే ఒకటి. మా లోపాల గురించి మేం మాట్లాడితే దాన్ని తీసుకుపోయి సర్కారు తప్పుకు సాక్ష్యంగా వాడుకోవద్దు. మేం మధ్యాహ్నం బయల్దేరాం, నిజమే. అర్ధరాత్రి దాకా మమ్మల్ని మూడు గుమ్మాలు తిప్పింది మాత్రం మేం కాదు.

మేం అడిగేది పెద్దదేం కాదు. చీటీ రాసినవాళ్లు అవతలి దవాఖానకు ఫోన్ చెయ్యాలి, అక్కడ మంచం ఉందో లేదో కనుక్కోవాలి. చీటీ మీద మాకు అర్థమయ్యే భాషలో ఎందుకు, ఎప్పటిలోగా అన్నది రాయాలి. బండి వాళ్లే పిలవాలి. ప్రమాదంలో ఉన్న మనిషి వెంట ఒక మనిషిని పంపాలి. అవతల చేరిందా లేదా, ఏమైంది అన్నది మొదటి దవాఖానకు తిరుగు చీటీలో రావాలి. 'రిఫర్డ్' అన్న మాట దగ్గర రిజిస్టరు మూసెయ్యకూడదు. చేరిన కబురు వచ్చాకే మూయాలి. పేరు అడిగి రాసేటప్పుడు మళ్లీ ఒకసారి చదివి వినిపించాలి. తురకమ్మ అన్నవాళ్ల మీద ఫిర్యాదు తీసుకునే మనిషి ఒకరు ప్రతి దవాఖానలో ఉండాలి. ఇందులో ముస్లింలకు మాత్రమే పనికొచ్చేది ఏముంది? తండా నుంచి వచ్చే లంబాడీ చెల్లికీ, వాడ నుంచి వచ్చే మాదిగ అక్కకీ కావాల్సింది ఇదే. మమ్మల్ని బుజ్జగిస్తున్నారని అరిచేవాళ్లు ఈ జాబితాలో బుజ్జగింపు ఎక్కడుందో చూపించాలి.

లౌకికవాద మిత్రులకు ఆఖరి మాట. మా ఆడవాళ్ల గురించి మీకు నిజంగా బాధ ఉంటే తలాక్ గురించి, బురఖా గురించి మాట్లాడినంత సేపు కాకపోయినా అందులో సగం సేపు దవాఖాన వరస గురించి మాట్లాడండి. బురఖా తీస్తేగానీ ముస్లిం స్త్రీ విముక్తి కాదని రాసే మీరు, బురఖాతోనే వచ్చిన గర్భిణికి కూర్చోడానికి బల్ల ఎందుకు లేదో రాయండి. మా ఇంటికి ఈదుకు వచ్చి షీర్‌ఖుర్మా తాగి వెళతారు. సంతోషం. ఒకసారి మా ఖాలాతో కలిసి పొద్దున్నే దవాఖానకు కూడా రండి. ఆమె చీటీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడండి. ఆ లోపలి గొంతు మీ పేరు విన్నాక ఎలా మాట్లాడుతుందో, ఆమె పేరు విన్నాక ఎలా మాట్లాడుతుందో మీరే వింటారు.

మా భాభీ ఆ మూడు చీటీలను ఇప్పటికీ సంచిలో దాచుకుంది. ఎందుకు భాభీ అంటే, "ఎవరైనా అడిగితే చూపించాలి గదా" అంటుంది. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. అందుకే వాటిని ఇక్కడ మేం చూపిస్తున్నాం.